ఆ అభిప్రాయం ఏ కుర్చీలోంచి రాశారో ముందు చూడండి

మీ ప్రశ్న ఇది: ఒక పెద్ద ఫైనాన్షియల్ సర్వీసెస్ కంపెనీలో ఆపరేషన్స్ వైపు ఆఫర్ వచ్చింది. అక్కడ పనిచేస్తున్నవాళ్లు, చేసి మానేసినవాళ్లు రాసిన అభిప్రాయాలు వందకు పైగా చదివారు. సగం మంది ఇంతకన్నా మంచి చోటు దొరకదంటున్నారు, సగం మంది ఆ గేటు దాటొద్దంటున్నారు. ఎవర్ని నమ్మాలి, చేరాలా వద్దా?

నేను 21 ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. మూడు కంపెనీలు మారాను. మొదట సెటిల్‌మెంట్స్ (ట్రేడ్ జరిగాక షేర్లు, డబ్బు సరిగ్గా చేతులు మారేలా చూసే పని), తర్వాత మనీ లాండరింగ్ అలర్టులు చూసే టీం, ఇప్పుడు ఆపరేషనల్ రిస్క్. మానేసి వెళ్లేవాళ్లతో చివరి వారంలో కూర్చుని మాట్లాడే పని కూడా కొన్నాళ్లు నాకే అప్పజెప్పారు. ఆ అనుభవంతో చెప్తున్నాను, మీరు చదివిన రెండు సగాలూ నిజమే రాశాయి. వాళ్లు కూర్చున్న కుర్చీలు వేరు, అంతే.

వేల మంది పనిచేసే చోట అందరి మెడలోనూ ఒకే కార్డు వేలాడుతుంది గానీ, ఒక అంతస్తుకీ పై అంతస్తుకీ బతుకులు కలవవు. ఒకచోట సాయంత్రం ఆరింటికి లైట్లు ఆర్పేస్తారు, ఇంకోచోట ఆరింటికి అసలు పని మొదలవుతుంది. ఒక టీం ఎనిమిదేళ్లుగా చెక్కుచెదరకుండా ఉంటుంది, పక్క టీంలో ఏడాదికి మేనేజరే రెండుసార్లు మారతాడు. ఇవన్నీ కలిపి సగటు తీసిన రేటింగ్‌తో మీకు ఒరిగేదేమీ లేదు. మీరు సగటులో కూర్చోరు, ఒక కుర్చీలో కూర్చుంటారు. అందుకే నేను ఎవరి అభిప్రాయం చదివినా, అది బాగుందా బాలేదా అని చూడను. ఏ డిపార్ట్‌మెంట్, ఏ షిఫ్ట్, ఏ సంవత్సరం, ఏ నెల అని చూస్తాను.

నెల ఎందుకంటారా? బోనస్ లెటర్లు చేతికొచ్చిన రెండు వారాల్లో రాసిన వాటికీ మిగతా కాలంలో రాసిన వాటికీ పోలికే ఉండదు. అప్రైజల్‌లో ఒక మెట్టు దిగినవాడు ఆ వారం రాసేది ఆ మెట్టు గురించే. అందులో అబద్ధం ఉండకపోవచ్చు, కానీ మిగతా యాభై వారాల సంగతి ఉండదు.

సంవత్సరం ఎందుకో ఒక ఉదాహరణ చెప్తాను. 2024 మే 28న అమెరికా షేర్ మార్కెట్‌లో సెటిల్‌మెంట్ టి ప్లస్ 2 నుంచి టి ప్లస్ 1కి మారింది. అంటే అంతకుముందు సోమవారం జరిగిన ట్రేడ్‌కి బుధవారం షేర్లు, డబ్బు చేతులు మారేవి. ఇప్పుడు మంగళవారమే మారాలి. వినడానికి ఒక్కరోజు తేడా. కానీ సెటిల్‌మెంట్స్‌లో కూర్చున్నవాడికి ఆ పోయిన రోజే ఊపిరి తీసుకునే రోజు. సోమవారం రాత్రి బ్రేక్ కనబడితే, అంటే మన పుస్తకాల్లో 10,000 షేర్లు ఉండి షేర్లు భద్రపరిచే సంస్థ, అంటే కస్టోడియన్ దగ్గర 9,000 మాత్రమే కనబడితే, మంగళవారమంతా దాని వెంటపడి తేల్చే వీలుండేది. ఇప్పుడు ట్రేడ్ జరిగిన రోజే న్యూయార్క్ టైం రాత్రి తొమ్మిదిలోపు వివరాలు సరిపోయాయని అఫర్మేషన్ వెళ్లిపోవాలి. ఆ వెయ్యి షేర్లు ఎక్కడ తప్పిపోయాయో ఆ కొద్ది గంటల్లోనే పట్టుకోవాలి. కాబట్టి ఆ ఏడాది మధ్యలో ఎవరైనా సెటిల్‌మెంట్స్ ఉద్యోగి "ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది, సాయంత్రాలు పోయాయి" అని రాస్తే అది ఆ ఒక్క కంపెనీ పాపం కాదు. ఆ మార్కెట్‌కి పనిచేసే చాలా కంపెనీల్లో ఆ మాట వినబడింది. దాన్ని ఎలా సర్దుకున్నారన్నదే ఆ కంపెనీ గురించి చెప్పే విషయం. మనుషుల్ని పెంచారా, ఉన్నవాళ్లనే ఇంకో రెండు గంటలు కూర్చోబెట్టారా?

అలర్టులు చూసే టీం సంగతి వేరు. అక్కడ గడియారం అంతగా తరమదు. రోజుకి ఇన్ని అలర్టులు మూసెయ్యాలన్న లెక్క తరుముతుంది. పొద్దున్న సిస్టమ్ తెరిస్తే వరసగా పేర్లు. ఆంక్షల జాబితాలో ఉన్న ఒక పేరుకీ మన ఖాతాదారు పేరుకీ అక్షరాలు కలిశాయని స్క్రీన్ చెప్తుంది. పుట్టిన సంవత్సరం చూస్తారు, దేశం చూస్తారు, వృత్తి చూస్తారు, ఈయన ఆయన కాదని తేలుతుంది. ఎందుకు కాదో నాలుగు వాక్యాలు రాసి మూసేస్తారు. ఇంకోటి తెరుస్తారు. చాలావరకు ఇలాగే తప్పుడు గంటలే మోగుతాయి. ఆరు నెలలు అలా చేశాక వేలు తనంతట తానే క్లోజ్ మీదకి వెళ్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది, ఎందుకంటే నిజమైనది కూడా సరిగ్గా ఆ మిగతావాటి మాదిరే కనబడుతుంది. ఈ టీంలోంచి ఎవరైనా "పని బోర్, ఎదుగుదల లేదు" అని రాస్తే నమ్మండి. కానీ "క్వాలిటీ టీం ప్రతి దాంట్లో తప్పులు పడుతుంది, నరకం" అని రాస్తే కాస్త ఆగండి. క్వాలిటీ టీం గట్టిగా ఉందంటే ఆ కంపెనీ ఆ పనిని పనిగా చూస్తోందనే నా లెక్క.

అసలు ఈ రంగంలో బయటివాళ్లకి ఫిర్యాదులా వినబడేవి చాలా ఉన్నాయి, లోపలున్నవాళ్లకి అవి మంచి గుర్తులు. "ఏడాదికోసారి వరసగా రెండు వారాలు బలవంతంగా సెలవు పెట్టించి లాగిన్ కూడా ఆపేశారు, మనల్ని దొంగల్లా చూస్తారు" అని ఒకాయన రాసింది నేనూ చదివాను. ఆ నియమం వెనక గాయాలున్నాయి. 1995లో బేరింగ్స్ అనే రెండు శతాబ్దాల నాటి బ్రిటిష్ బ్యాంకు కుప్పకూలింది. సింగపూర్ ఆఫీసులో నిక్ లీసన్ ట్రేడింగ్ చేసేవాడు, ఆ ట్రేడ్ల లెక్కలు చూసే సెటిల్‌మెంట్ కూడా అతని చేతిలోనే ఉండేది. దాచిన నష్టం 82.7 కోట్ల పౌండ్లు. 2008 జనవరిలో ఫ్రాన్స్‌లోని సొసైటీ జనరల్ బ్యాంకులో జెరోమ్ కెర్వియెల్ అనే ట్రేడర్ దొంగ ట్రేడ్ల వ్యవహారం బయటపడ్డప్పుడు నష్టం 490 కోట్ల యూరోలు. అతను సెలవు పెట్టడానికే ఇష్టపడేవాడు కాదు. కుర్చీలోంచి లేస్తే ఇంకొకరు కూర్చుని లెక్కలు చూస్తారు కదా. ఆ రెండు వారాలు మీ కుర్చీలో వేరే మనిషి కూర్చోవాలన్నదే ఆ సెలవు ఉద్దేశం. హాయిగా ఇంట్లో ఉండండి, ఫోన్ ఎత్తకండి.

సొంత ఫోన్‌లో క్లయింట్‌తో చాట్ చెయ్యనివ్వరని, సొంతంగా షేర్లు కొనాలన్నా ముందు అనుమతి తీసుకోవాలని వచ్చే ఫిర్యాదులూ ఇలాంటివే. 2022 సెప్టెంబర్‌లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ సెక్ 16 వాల్ స్ట్రీట్ సంస్థలకి 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేసింది. కారణం, ఉద్యోగులు సొంత ఫోన్లలో వ్యాపారం మాట్లాడుకోవడం, ఆ మెసేజిలు కంపెనీ రికార్డుల్లో లేకపోవడం. అప్పట్నుంచి ఈ విషయంలో ఎవరూ చూసీ చూడనట్టు ఊరుకోవట్లేదు.

అయితే ఒక ఫిర్యాదుని మాత్రం మీరు చాలా సీరియస్‌గా తీసుకోవాలి. అది జీతం గురించో మేనేజర్ గురించో కాదు. "సిస్టమ్స్ పాతవి, స్క్రీన్లు అర్థం కావు, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో పాతవాళ్లకే తెలుసు" అనే ఫిర్యాదు. 2020 ఆగస్టులో సిటీ బ్యాంక్‌లో జరిగింది ఇదే. రెవ్లాన్ కంపెనీ తరఫున, ఆ కంపెనీకి అప్పులిచ్చినవాళ్లకి సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ కట్టాలి. అసలుని, అంటే అప్పు మొత్తాన్ని, బయటికి పంపకుండా లోపలి ఖాతాలోకి మళ్లించాలంటే సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌లో మూడు గడులు నింపాలి. ఒక్కటే నింపారు. ఒకరు ఎంటర్ చేశారు, ఒకరు సరిచూశారు, ఒకరు ఆమోదించారు. ముగ్గురికీ సరిగ్గానే ఉందనిపించింది. దాదాపు 90 కోట్ల డాలర్లు బయటికి వెళ్లిపోయాయి. తెల్లారి చూసుకుని తిరిగివ్వమంటే కొందరు ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరిలో కోర్టు వాళ్లు ఉంచుకోవచ్చంది, 2022 సెప్టెంబర్‌లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. మీరు చేరబోయే ఆపరేషన్స్‌లో మీరు ఆ ముగ్గురిలో ఒకరవుతారు. ఎంత జాగ్రత్తపరులైనా, అబద్ధం చెప్పే స్క్రీన్ ముందు జాగ్రత్త సరిపోదు. అందుకని ఒకే టీంలోంచి ముగ్గురు నలుగురు వేరువేరు సంవత్సరాల్లో సిస్టమ్ గురించి ఒకే మాట రాస్తే, ఆ మాట చుట్టూ ఒక గీత గీసి పెట్టుకోండి.

పనిగంటల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మీరు చదివిన భయంకరమైన కథల్లో చాలా వరకు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో కొత్తగా చేరినవాళ్లవి. 2021లో గోల్డ్‌మన్ శాక్స్‌లో 13 మంది మొదటి ఏడాది అనలిస్టులు తమలో తాము వేసుకున్న లెక్క బయటికొచ్చింది. వారానికి సగటున 95 గంటలు. అది నిజమే, బాధాకరమే, కానీ అది మీ కుర్చీ కాదు. మీకు నెలాఖరు, క్వార్టర్ చివరి రోజులు బరువుగా ఉంటాయి, మిగతా రోజులు ఓ మోస్తరుగా గడుస్తాయి. బోనస్ మాటకొస్తే, ఆఫర్ లెటర్‌లో "వరకు" అనే మాట పక్కన ఉన్న అంకెని లెక్కలోకి తీసుకోకుండా ఇల్లు నడపగలరా అని మాత్రం చూసుకోండి.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్నదానికి వస్తాను.

ఈ రంగంలో కంపెనీలు పెద్దగా దెబ్బతిన్న చాలాచోట్ల ఉద్యోగుల అభిప్రాయం ముందే ఉంది. ఎవరూ వినలేదు. వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో కుటుంబానికి ఎనిమిది ఉత్పత్తులు అంటగట్టాలని లక్ష్యం పెట్టారు. కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లు రోజువారీ టార్గెట్ అందుకోలేక, ఖాతాదారులకి తెలియకుండా వాళ్ల పేరు మీద ఖాతాలు తెరిచారు. ఆ ఒత్తిడి గురించి ఉద్యోగులు చెప్పిన మాటలు 2013 చివర్లోనే లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికలో వచ్చాయి. జరిమానా పడింది 2016 సెప్టెంబర్‌లో. 18.5 కోట్ల డాలర్లు. అప్పటికి సుమారు ఐదేళ్లలో 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు, వాళ్లలో ఎక్కువమంది కింది స్థాయివాళ్లు. టార్గెట్ పెట్టినవాళ్ల దాకా సెగ తగలడానికి ఇంకా టైం పట్టింది. ఆ బ్యాంకు గురించి ఆ సంవత్సరాల్లో ఎవరైనా ఉద్యోగి "టార్గెట్ అందకపోతే నిలబెట్టి కడిగేస్తారు" అని రాసి ఉంటే, దాన్ని చేతకానివాడి ఏడుపు అని తోసేసినవాళ్లు ఎంతమందో.

ఇంకోటి దగ్గరిది. 2024 అక్టోబర్‌లో టీడీ బ్యాంక్ అమెరికాలో మనీ లాండరింగ్‌కి సంబంధించిన నేరం ఒప్పుకుని 300 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. అక్కడ పైనుంచి వచ్చిన ఆదేశం, లాభాలు పెరిగినా, ప్రమాదం పెరిగినా ఖర్చు బడ్జెట్ మాత్రం పెరగకూడదని. ఫలితం, 2018 జనవరి నుంచి 2024 ఏప్రిల్ మధ్య జరిగిన లావాదేవీల్లో 92 శాతం మీద నిఘానే లేదు. అక్కడి ఉద్యోగులకి ఈ సంగతి తెలుసు, తమలో తాము మెసేజిలు పెట్టుకున్నారు కూడా. నేను అలర్టుల టీంలో పనిచేసిన మనిషిని కాబట్టి ఆ వార్త చదువుతుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. చాలీచాలని మనుషులతో, మూయాల్సిన గుట్ట రోజురోజుకీ పెరుగుతుంటే, ఇక్కడేదో తప్పు జరుగుతోందని తెలిసీ ఎవరికి చెప్పాలో తెలియక కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అందుకే కంపెనీ మంచిదా చెడ్డదా అని తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే. అక్కడ "ఇది సరిగ్గా లేదు" అన్నవాడికి ఆ తర్వాత ఏమవుతుంది?

నాకు జరిగింది చెప్తాను. ఒక కంపెనీలో, పేరు వద్దు, నేను చెకర్‌గా, అంటే ఇంకొకరు ఎంటర్ చేసిన పేమెంట్ సరిచూసే మనిషిగా, ఉన్నప్పుడు ఒక పేమెంట్ ఆపాను. పత్రాలు పూర్తిగా లేవు. మర్నాడు పత్రాలొచ్చాయి, పేమెంట్ వెళ్లింది, గొడవ లేదు. నాలుగు నెలల తర్వాత అప్రైజల్‌లో ఒక వాక్యం కనబడింది: "బిజినెస్ వారితో సహకార ధోరణి మెరుగుపడాలి." రేటింగ్ ఒక మెట్టు కిందికి. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. ఆ ఒక్క వాక్యంతో మా టీం మొత్తానికి పాఠం అర్థమైంది. తర్వాతి ఏడాదంతా నేను కూడా అప్రూవ్ తొందరగానే నొక్కాను. ఇప్పటికీ దాని గురించి నాకు బాధగానే ఉంటుంది.

తర్వాత చేరిన చోట ఒక క్వార్టర్ చివరి రోజు. సాయంత్రం ఏడున్నర, ఎనిమిదికి కట్ ఆఫ్, అంటే ఆ రోజు పేమెంట్లు పంపడానికి ఆఖరి గడువు. చేరి ఏడాది కూడా కాని ఒక అమ్మాయి చెకర్. స్క్రీన్ మీద ఒక పెద్ద పేమెంట్. మెయిల్ ఉంది, సంతకాలు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. కానీ డబ్బు వెళ్లాల్సిన ఖాతా నంబరు గత మూడు పేమెంట్లలో ఉన్నది కాదు. క్లయింట్లతో వ్యవహరించే ఫ్రంట్ ఆఫీస్ నుంచి వచ్చినాయన ఆమె కుర్చీ వెనక నిలబడి "క్లయింట్ లైన్లో ఉన్నాడమ్మా, అప్రూవ్ చేసెయ్" అంటున్నాడు. ఆ అమ్మాయి మౌస్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. మాట రాలేదు, చెయ్యి మాత్రం తీసేసింది. మా మేనేజర్ లేచి వచ్చింది. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుని ఒకటే అడిగింది: "నీకు ఎక్కడ తేడా కొట్టింది?" ఆమె నంబరు చూపించింది. మేనేజర్, ఆ పేమెంట్ మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబరు వదిలేసి, మన ఫైల్లో మొదట్నుంచీ ఉన్న క్లయింట్ నంబరుకి చేసింది. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తారు. అవును, ఖాతా మార్చుకున్నాం, మేమే పంపాం అన్నారు.

అంటే మోసమేమీ లేదు. పేమెంట్ నిఖార్సైనది. అప్పటికి కట్ ఆఫ్ దాటిపోయింది, డబ్బు మర్నాడు వెళ్లింది, క్లయింట్ కంప్లయింట్ ఇచ్చాడు. పొద్దున్న మీటింగ్‌లో మేనేజర్ అందరి ముందూ చెప్పింది: "నిన్నటి పేమెంట్ మీద కంప్లయింట్ వచ్చింది. అది నా పేరు మీద రాయించాను. మళ్లీ అలాంటిది వస్తే మళ్లీ ఆపండి." ఆ అమ్మాయి తల వంచుకుని నోట్‌బుక్‌లో ఏదో గీసుకుంటూ కూర్చుంది. కానీ ఆ రోజు నుంచి ఆ గదిలో ఎవరికీ ఆపడానికి భయం లేదు. అక్కడ జీతం ముందుదానికంటే గొప్పగా ఏం లేదు, క్వార్టర్ చివర రాత్రుళ్లు అలాగే ఉండేవి. అయినా నేను తొమ్మిదేళ్లు ఉన్నాను.

ఆ కంపెనీ గురించి బయట చదివితే రేటింగ్ మామూలే. ఎవరో రాశారు, "ప్రాసెస్ మరీ ఎక్కువ, ప్రతిదానికీ ఆపుతారు" అని. మా గది గురించే అయ్యుంటుంది.

కాబట్టి మీరు అభిప్రాయాలు చదవడం ఆపి, ఆఫర్‌కి ఒప్పుకునే ముందు మీకు మేనేజర్ అవబోయే మనిషినే అడగండి. హెచ్ఆర్‌ని కాదు. మీ టీంలో చివరిసారి ఒక పేమెంట్ లేదా ట్రేడ్ ఆపిన సందర్భం ఏంటి, ఆ తర్వాత ఏం జరిగింది అని అడగండి. నిజంగా అలాంటివి జరిగే టీం అయితే వెంటనే ఒక కథ చెప్తారు, తేదీతో సహా. "మా దగ్గర అలాంటి సమస్యలు రావండీ" అంటే, రావని కాదు, ఎవరూ ఆపట్లేదని నేను అర్థం చేసుకుంటాను. తప్పు జరిగితే ఎర్రర్ రిజిస్టర్‌లో ఏం రాస్తారో కూడా అడగండి. మనిషి పేరుతో మొదలవుతుందా, తప్పు ఎలా జరిగిందన్నదానితో మొదలవుతుందా అనేది ముఖ్యం. మీరు చేరబోయే సీటులో అంతకుముందు ఎవరున్నారు, ఎక్కడికి వెళ్లారు, టీంలో మూడేళ్లు దాటినవాళ్లు ఎంతమంది? ఈ ప్రశ్నలు అడిగినందుకు ఎవరైనా చిరాకు పడితే, చేరకముందే పడ్డారు కాబట్టి మీకు మేలే.

వీలైతే ఆ టీంలో పనిచేసి రెండేళ్ల కిందట మానేసినవాళ్లని ఒకరిని పట్టుకోండి. నిన్న మానేసినవాడిలో కోపం ఉంటుంది, ఇప్పుడు చేస్తున్నవాడికి భయం ఉంటుంది. రెండేళ్లయినవాడు నిదానంగా చెప్తాడు.

మీ ఆఫర్‌లో టీం పేరు ఆపరేషన్స్ అని మాత్రమే ఉందన్నారు. సెటిల్‌మెంట్సా, పేమెంట్సా, రీకాన్సా (రెండు చోట్ల లెక్కలు సరిపోల్చే పని), ఏ మార్కెట్ కట్ ఆఫ్‌కి పనిచేస్తారో హెచ్ఆర్‌ని అడిగి ఇక్కడ రాయండి. అది తెలిస్తే మీ సాయంత్రాలు ఎలా ఉండబోతాయో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.